ఫిజిక్స్ లెక్క చేయడం ఎలా: సూత్రంతో పాటు యూనిట్లను కూడా నడిపించండి

ఫిజిక్స్ లెక్కలు తప్పు పోయేది చాలాసార్లు సూత్రం తెలియక కాదు. సూత్రం సరిగ్గానే గుర్తొస్తుంది. కానీ అందులో ఒకచోట కిలోమీటర్లు, ఇంకోచోట సెకన్లు, మరోచోట గ్రాములు వేసి గుణించేస్తారు. చివర్లో జవాబు పక్కన ఏ యూనిట్ పెట్టాలో తెలియక, పుస్తకంలో చూసిన యూనిట్ ఏదో ఒకటి అతికిస్తారు. యూనిట్ అంటే జవాబుకి చివర్లో తగిలించే తోక అనుకున్నంత కాలం ఈ ఇబ్బంది పోదు. అది సంఖ్యలో భాగం. సంఖ్యతో పాటే గుణించాలి, భాగించాలి, కొట్టివేయాలి. ఈ ఒక్క అలవాటు పట్టుబడితే పదో తరగతి, ఇంటర్ స్థాయి లెక్కల్లో సగం టెన్షన్ పోతుంది. ఎలాగో వరసగా చూద్దాం.

ముందు లెక్కను కాగితం మీద పరచండి

లెక్క చదవగానే చెయ్యి సూత్రం కోసం వెతుకుతుంది. ఆ తొందర ఆపుకోండి. లెక్కను రెండుసార్లు చదివి, ఇచ్చిన వివరాలను ఒక్కో లైనులో ఒక్కొక్కటి రాయండి. రాశి పేరు, విలువ, యూనిట్, ఈ మూడూ ఉండాలి. కనుక్కోవాల్సిన దాని ఎదురుగా ప్రశ్నార్థకం పెట్టండి.

ఈ లెక్క తీసుకోండి: గంటకు 72 కిలోమీటర్ల వేగంతో తిన్నగా వెళ్తున్న 900 కిలోగ్రాముల వాహనం, బ్రేకు వేశాక 5 సెకన్లలో ఆగింది. వేగం ఏకరీతిగా తగ్గిందనుకుంటే, బ్రేకు వేశాక ఎంత దూరం వెళ్లింది? దాన్ని ఆపిన బలం ఎంత?

తొలి వేగం = 72 కి.మీ/గం
తుది వేగం = 0
కాలం = 5 సె
ద్రవ్యరాశి = 900 కి.గ్రా
దూరం = ?
బలం = ?

తుది వేగం సున్నా అని లెక్కలో ఎక్కడా సంఖ్య రూపంలో లేదు, గమనించారా? ‘ఆగింది’ అన్న మాటలో దాక్కుని ఉంది. ఇలాంటి మాటల్ని పట్టుకోవడం నేర్చుకోవాలి. ‘నిశ్చల స్థితి నుంచి’ అంటే తొలి వేగం సున్నా. ‘సమవేగంతో’ అంటే త్వరణం సున్నా. ‘స్వేచ్ఛగా కిందపడింది’ అంటే త్వరణం 9.8 మీ/సె², దిశ కిందికి. పైకి విసిరిన వస్తువు ‘గరిష్ఠ ఎత్తు’ చేరిందంటే ఆ క్షణంలో దాని వేగం సున్నా. ‘నునుపైన తలం’ అంటే ఘర్షణను వదిలేయమని. చేతిలో వివరాలు చాలవనిపించినప్పుడు, లెక్క తప్పని తేల్చేముందు మాటలన్నీ మళ్లీ ఒకసారి చదవండి. కావాల్సినది చాలావరకు అక్కడే దొరుకుతుంది.

యూనిట్లు మార్చడం: ఒకటితో గుణించడమే

అంతర్జాతీయ ప్రమాణాల వ్యవస్థనే ఎస్ఐ అంటాం. మొదటి లెక్కలకు అన్నిటినీ ఎస్ఐలోకి మార్చుకుని మొదలుపెట్టడమే మేలు. మీటరు, కిలోగ్రాము, సెకను, ఆంపియర్, కెల్విన్, ఇవి ఉంటే చాలు. దీనికి కారణం ఉంది. ఒక కిలోగ్రాము వస్తువుకి 1 మీ/సె² త్వరణం ఇచ్చే బలాన్నే ఒక న్యూటన్ అన్నారు. అందుకే బలం = ద్రవ్యరాశి × త్వరణం అనే సూత్రంలో కిలోగ్రాములు, మీటర్లు, సెకన్లు వేస్తే జవాబు నేరుగా న్యూటన్లలో వస్తుంది. గ్రాములు వేస్తే రాదు.

మార్చేటప్పుడు గుణించాలా, భాగించాలా అన్న సందేహం అందరికీ వస్తుంది. బట్టీ పట్టకుండా దాన్ని తీర్చే దారి ఇది. 1 కి.మీ = 1000 మీ. రెండూ ఒకే పొడవు కాబట్టి (1000 మీ ÷ 1 కి.మీ) అనే భిన్నం విలువ 1. దాన్ని తిరగేసినా విలువ 1. దేన్నైనా 1తో గుణిస్తే దాని అసలు విలువ మారదు, రాసే తీరు మాత్రమే మారుతుంది. కాబట్టి మీరు పోగొట్టాలనుకున్న యూనిట్ కొట్టుకుపోయేలా భిన్నాన్ని నిలబెట్టండి:

72 కి.మీ/గం × (1000 మీ ÷ 1 కి.మీ) × (1 గం ÷ 3600 సె) = 20 మీ/సె

పైన ఉన్న కి.మీ, కింద ఉన్న కి.మీ పోయాయి. కింద ఉన్న గంట, పైకి తెచ్చిన గంట పోయాయి. మిగిలింది మీ/సె. భిన్నాన్ని పొరపాటున తిరగేసి ఉంటే కి.మీ²/మీ లాంటి వింత రూపం మిగిలేది. అలాంటిది కనిపిస్తే అక్కడే తిరగేసుకోండి.

చాలామంది కి.మీ/గం నుంచి మీ/సెకి 5/18తో గుణించమని నేర్చుకుంటారు. అది ఈ 1000/3600 కుదించిన రూపమే. వాడుకోండి, తప్పేం లేదు. అయితే 5/18 ఎప్పుడు, 18/5 ఎప్పుడు అని పరీక్షలో తడబడితే, మీ/సెలో రాసిన సంఖ్య కి.మీ/గంలో రాసిన సంఖ్య కన్నా ఎప్పుడూ చిన్నదని గుర్తుతెచ్చుకోండి.

ఎక్కువ మార్కులు పోయేది వైశాల్యం, ఘనపరిమాణం దగ్గర. 1 మీ = 100 సెం.మీ అని తెలుసు కాబట్టి 1 మీ² = 100 సెం.మీ² అనుకుంటారు. కాదు. మీటరు భుజమున్న చతురస్రంలో 100 వరసలు, వరసకి 100 చొప్పున 10,000 సెం.మీ² ఉంటాయి. ఘనమైతే 10,00,000 సెం.మీ³. యూనిట్ మీద వర్గం ఉంటే మార్పు భిన్నాన్ని రెండుసార్లు, ఘనం ఉంటే మూడుసార్లు గుణించాలి.

ఒక ఉదాహరణ చేసి చూద్దాం. 5 సెం.మీ భుజం ఉన్న లోహపు ఘనం ద్రవ్యరాశి 337.5 గ్రాములు. సాంద్రత ఎంత? ఘనపరిమాణం 5 × 5 × 5 = 125 సెం.మీ³. మీటర్లలో అయితే 0.05 × 0.05 × 0.05 = 0.000125 మీ³. ద్రవ్యరాశి 0.3375 కి.గ్రా. సాంద్రత = 0.3375 ÷ 0.000125 = 2700 కి.గ్రా/మీ³. ఇది అల్యూమినియం సాంద్రత. ఇప్పుడు 125ని ఒక్కసారే 100తో భాగించి 1.25 మీ³ అని రాశారనుకోండి. సాంద్రత 0.27 కి.గ్రా/మీ³ వస్తుంది. మన చుట్టూ ఉన్న గాలి సాంద్రతే సుమారు 1.2 కి.గ్రా/మీ³. అంటే ఆ లోహపు ముక్క గాలిలో తేలిపోవాలి! జవాబు రాశాక ఇలా ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తే ఈ తప్పు మీ కాగితం దాటి పోదు.

కాలం విషయంలో ఇంకో ఉచ్చు ఉంది. 2 గంటల 15 నిమిషాలు అంటే 2.15 గంటలు కాదు, 2.25 గంటలు. గంటకి 60 నిమిషాలు కాబట్టి 15ని 60తో భాగించాలి.

ఉష్ణోగ్రత ఒక్కటే ఈ గుణకారం పద్ధతికి లొంగదు, ఎందుకంటే సెల్సియస్, కెల్విన్, ఫారన్‌హీట్ స్కేళ్ల సున్నాలు వేర్వేరు చోట్ల ఉన్నాయి. సెల్సియస్‌కి 273.15 కలిపితే కెల్విన్. ఫారన్‌హీట్ నుంచి 32 తీసేసి, 5/9తో గుణిస్తే సెల్సియస్. అలా చేస్తే 98.6 డిగ్రీల ఫారన్‌హీట్ 37 డిగ్రీల సెల్సియస్ అవుతుంది. అయితే ఉష్ణోగ్రతలో తేడా మాత్రమే కావాల్సిన లెక్కల్లో సెల్సియస్, కెల్విన్ రెండూ ఒకటే. 25 నుంచి 100 డిగ్రీల సెల్సియస్‌కి పెరిగితే తేడా 75, ఈ రెండిట్లో ఏ స్కేలు మీదైనా అంతే. వాయు నియమాల లెక్కల్లో మాత్రం కెల్విన్ తప్పనిసరి.

మిగతావి పూర్వపదాలు. కిలో 10³, మెగా 10⁶, సెంటీ 10⁻², మిల్లీ 10⁻³, మైక్రో 10⁻⁶, నానో 10⁻⁹. ఇవి నోటికి రావాలి. మిల్లీకి, మెగాకి గుర్తు ఒకే ఇంగ్లిష్ అక్షరం, మిల్లీకి చిన్నది (m), మెగాకి పెద్దది (M). కలగలిపితే జవాబు వంద కోట్ల రెట్లు తేడా వస్తుంది.

సూత్రం ఎంచుకోవడం

ఇప్పుడు మీరు రాసుకున్న జాబితా చూడండి. అడిగిన రాశి ఒక్కటే తెలియనిదిగా, మిగతావన్నీ తెలిసినవిగా ఉన్న సూత్రం ఏది? అదే మీకు కావాల్సింది. రెండు రాశులు తెలియకపోతే, మధ్యలో ఇంకొకటి కనుక్కోవాలని అర్థం.

సూత్రం ఎంత ముఖ్యమో, అది ఏ షరతు మీద పనిచేస్తుందో అంత ముఖ్యం. త్వరణం స్థిరంగా ఉంటేనే చలన సమీకరణాలు చెల్లుతాయి. ఉష్ణోగ్రత మారనంత వరకే ఓమ్ నియమంలో నిరోధం స్థిరం. సూత్రాల పట్టిక రాసుకునేటప్పుడు ప్రతి సూత్రం పక్కన దాని షరతు కూడా రాసుకోండి. సగటు వేగం దగ్గర షరతు మర్చిపోయే వాళ్లు చాలామంది. 120 కి.మీ దూరం గంటకు 60 కి.మీ వేగంతో వెళ్లి, అదే దారిలో గంటకు 40 కి.మీతో తిరిగొస్తే సగటు వేగం 50 కాదు. మొత్తం దూరం 240 కి.మీ, మొత్తం కాలం 2 + 3 = 5 గంటలు, సగటు 48 కి.మీ/గం. రెండు వేగాలతోనూ ఒకే సమయం ప్రయాణించినప్పుడే వాటిని కలిపి రెండుతో భాగించవచ్చు.

సూత్రం సరిగ్గా గుర్తు రాకపోతే యూనిట్లు సాయం చేస్తాయి. దూరం సూత్రంలో చివరి పదం ½ × త్వరణం × కాలమా, ½ × త్వరణం × కాలం² ఆ? త్వరణం యూనిట్ మీ/సె². దూరం మీటర్లలో రావాలంటే కింద ఉన్న సె² పోవాలి. కాబట్టి కాలం వర్గమే ఉండాలి. ఈ పరీక్షకి ఒక హద్దు ఉంది. ½ ఉందో లేదో యూనిట్లు చెప్పలేవు, ఎందుకంటే ½కి యూనిట్ లేదు. అది మీరు గుర్తుంచుకోవాల్సిందే.

విలువలు వేయడం

సంఖ్యలు వేయడానికి ముందే సూత్రాన్ని తిప్పి, కావాల్సిన రాశిని ఒక పక్క ఒంటరిగా నిలబెట్టండి. సంఖ్యలు వేసేశాక తిప్పబోతే పొరపాట్లు పెరుగుతాయి, ఎక్కడ తప్పామో వెనక్కి చూసుకోవడం కూడా కష్టం. తర్వాత ప్రతి సంఖ్యనీ యూనిట్‌తో సహా వేయండి. మన వాహనం లెక్క:

త్వరణం = (తుది వేగం − తొలి వేగం) ÷ కాలం
= (0 − 20 మీ/సె) ÷ 5 సె
= −4 మీ/సె²

మైనస్ గుర్తుని చూసి కంగారుపడకండి. త్వరణం చలనానికి ఎదురు దిశలో ఉందని చెబుతోంది, బ్రేకు వేస్తే జరిగేది అదే కదా.

దూరం = తొలి వేగం × కాలం + ½ × త్వరణం × కాలం²
= 20 మీ/సె × 5 సె + ½ × (−4 మీ/సె²) × 25 సె²
= 100 మీ − 50 మీ
= 50 మీ

బలం = ద్రవ్యరాశి × త్వరణం
= 900 కి.గ్రా × (−4 మీ/సె²)
= −3600 న్యూటన్లు

అంటే చలనానికి ఎదురుగా 3600 న్యూటన్ల బలం. దూరాన్ని ఇంకో దారిలో సరిచూసుకోవచ్చు. వేగం 20 నుంచి సున్నాకి ఏకరీతిగా తగ్గింది, సగటు 10 మీ/సె, 5 సెకన్లకు 50 మీటర్లు. సరిపోయింది.

ఈ లెక్కను ఇక్కడితో వదిలేయకండి, దీనిలో చూడాల్సింది ఇంకా ఉంది. అవే బ్రేకులు, అదే త్వరణం, కానీ వేగం గంటకు 108 కి.మీ అనుకోండి. అంటే 30 మీ/సె. ఆగే దూరం = తొలి వేగం² ÷ (2 × త్వరణం పరిమాణం) = 900 ÷ 8 = 112.5 మీ. వేగం ఒకటిన్నర రెట్లే పెరిగింది, ఆగే దూరం 2.25 రెట్లు పెరిగింది. సూత్రంలో వేగం మీద వర్గం ఉండటమే దీనికి కారణం. ఇలా ఒక రాశిని మార్చి రెండోది ఎన్ని రెట్లు మారిందో చూడటం అలవాటైతే, చాలా ప్రశ్నలకు మొత్తం లెక్క చేయనక్కర్లేదు. 1.5 × 1.5 = 2.25, దాన్ని 50తో గుణిస్తే చాలు.

రెండు సూత్రాలు కలిసే లెక్క

1500 వాట్ల కెటిల్‌లో 1.5 లీటర్ల నీళ్లు 25 డిగ్రీల నుంచి 100 డిగ్రీల సెల్సియస్‌కి రావడానికి ఎంతసేపు పడుతుంది? వేడి బయటికి పోదనుకుందాం.

ఇక్కడ అడిగింది కాలం. కాలం = శక్తి ÷ సామర్థ్యం. సామర్థ్యం ఇచ్చారు (వాట్ అంటే సెకనుకు ఒక జౌల్), శక్తి ఇవ్వలేదు. కాబట్టి ముందు శక్తి కనుక్కోవాలి. శక్తి = ద్రవ్యరాశి × విశిష్టోష్ణం × ఉష్ణోగ్రతలో తేడా. ద్రవ్యరాశి కూడా నేరుగా లేదు, కానీ లీటరు నీళ్లు సుమారు ఒక కిలోగ్రాము కాబట్టి 1.5 కి.గ్రా. విశిష్టోష్ణం అంటే ఒక కిలోగ్రామును ఒక డిగ్రీ వేడి చేయడానికి కావాల్సిన శక్తి, నీటికి అది సుమారు 4200 జౌల్/(కి.గ్రా·డిగ్రీ).

శక్తి = 1.5 × 4200 × 75 = 4,72,500 జౌల్స్
కాలం = 4,72,500 జౌల్స్ ÷ 1500 జౌల్/సె = 315 సె

అంటే 5 నిమిషాల 15 సెకన్లు. నిజంగా కొంచెం ఎక్కువే పడుతుంది, ఎందుకంటే కెటిల్ కూడా వేడెక్కాలి, కొంత వేడి గాలిలోకి పోతుంది. అడిగిన దాని దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడవడం ఈ లెక్కలో కీలకం. ‘ఇది కావాలంటే ఏం కావాలి, అది కావాలంటే ఏం కావాలి’ అని ప్రశ్నించుకుంటూ ఇచ్చిన వివరాల దాకా వస్తే దారి దొరికినట్టే.

కరెంటు మీటరు చూపే యూనిట్ అంటే కిలోవాట్ అవర్, అంటే 1000 జౌల్/సె × 3600 సె = 36,00,000 జౌల్స్. పై కెటిల్ వాడింది దానిలో సుమారు 0.13 వంతు.

జవాబుని పరీక్షించండి

1998 డిసెంబరులో నాసా ప్రయోగించిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే అంతరిక్ష నౌక 1999 సెప్టెంబరు 23న అంగారకుడిని చేరుతూ నాశనమైంది. భూమి మీది ఒక సాఫ్ట్‌వేర్ థ్రస్టర్ల (నౌకను సరిదిద్దే చిన్న ఇంజిన్ల) ప్రచోదనాన్ని, అంటే బలం × కాలాన్ని, పౌండ్-సెకన్లలో ఇచ్చింది, దాన్ని వాడుకున్న సాఫ్ట్‌వేర్ వాటిని న్యూటన్-సెకన్లుగా తీసుకుంది. ఒక పౌండ్ బలం సుమారు 4.45 న్యూటన్లు. ఆ తేడా వల్ల నౌక అనుకున్న దానికన్నా గ్రహానికి బాగా దగ్గరగా వెళ్లిపోయింది. అందుకే జవాబు వచ్చాక కూడా కాసేపు దానితోనే ఉండమని నా మనవి.

మొదట యూనిట్ చూడండి. దూరం అడిగితే మీటర్లు మిగలాలి. మీ/సె మిగిలితే ఎక్కడో ఒక కాలం తప్పిపోయింది. తర్వాత పరిమాణం చూడండి. మనిషి పరుగు 10 మీ/సె చుట్టుపక్కల ఉంటే అది మేటి అథ్లెట్ల స్థాయి. గాలిలో ధ్వని వేగం సుమారు 340 మీ/సె. సైకిల్ వేగం 500 మీ/సె అని వచ్చిందంటే అది ధ్వనిని దాటేసింది, లెక్కలో ఏదో తప్పింది. ఇలాంటి నాలుగైదు విలువలు మనసులో ఉంటే చాలా తప్పులు వాటంతట అవే బయటపడతాయి.

విద్యుత్ లెక్కల్లో పూర్వపదం మర్చిపోవడం ఎక్కువ. 9 వోల్టుల బ్యాటరీకి కలిపిన వలయంలో 20 మిల్లీఆంపియర్ల కరెంటు ఉంటే నిరోధం 9 ÷ 0.020 = 450 ఓమ్‌లు. 9ని 20తో భాగించి 0.45 ఓమ్‌లు అని రాస్తే తప్పు, 0.45 కిలోఓమ్‌లు అని రాస్తే ఒప్పు. వోల్టుని మిల్లీఆంపియర్‌తో భాగిస్తే కిలోఓమ్ వస్తుంది కాబట్టి.

కాలిక్యులేటర్ వాడితే హారం మొత్తాన్ని బ్రాకెట్‌లో పెట్టండి. 900 ÷ 2 × 4 అని నొక్కితే 1800 వస్తుంది, 900 ÷ (2 × 4) అని నొక్కితేనే 112.5. త్రికోణమితి ఉంటే డిగ్రీల్లో ఉందో రేడియన్లలో ఉందో చూసుకోండి. తెర మీద కనిపించిన అంకెలన్నీ దించేయకండి. ఇచ్చిన విలువల్లో రెండో మూడో సార్థక అంకెలుంటే జవాబులోనూ అన్నే ఉంచండి. మధ్యలో మాత్రం కుదించవద్దు, చివర్లో ఒక్కసారే.

ఇక మీరే చేయండి. జవాబులు కింద ఉన్నాయి, చేత్తో మూసి పెట్టుకోండి.

మొదటిది: 1200 కి.గ్రా వాహనం 10 సెకన్లలో 36 కి.మీ/గం నుంచి 90 కి.మీ/గం వేగానికి ఏకరీతి త్వరణంతో చేరింది. త్వరణం, దూరం, ఫలిత బలం ఎంత?

రెండోది: ఒక పంపు 500 లీటర్ల నీళ్లను 4 నిమిషాల్లో 12 మీటర్ల ఎత్తుకి ఎక్కించింది. నష్టాలు లేవనుకుంటే దాని సామర్థ్యం ఎంత?

మూడోది: 60 కి.గ్రా ద్రవ్యరాశి ఉన్న మనిషి రెండు పాదాల మీద నిలబడ్డాడు. నేలను తాకే మొత్తం వైశాల్యం 300 సెం.మీ². నేల మీద పీడనం ఎంత?

జవాబులు: మొదటిదానికి 1.5 మీ/సె², 175 మీ, 1800 న్యూటన్లు. రెండోదానికి 245 వాట్లు. 14,700 వచ్చిందంటే నిమిషాలను సెకన్లలోకి మార్చలేదు. మూడోదానికి 19,600 పాస్కల్‌లు. 2000 పాస్కల్‌లు వచ్చిందంటే కిలోగ్రాములనే బలంగా వేశారు, 9.8తో గుణించి న్యూటన్లు చేయలేదు. 196 వచ్చిందంటే సెం.మీ²ని 100తో భాగించి వదిలేశారు, వైశాల్యం గురించి రాసిన భాగం మళ్లీ చదివి ఇంకోసారి చేయండి.